దొరికే చోటు: హైదరాబాద్‌లో ఒక కూలీల అడ్డా కేస్ స్టడీ

మియాపూర్ నుంచి అమీర్‌పేట వైపు వచ్చే ముంబయి రహదారి మీద, మెట్రో వంతెన నీడ పడే ఒక కూడలిలో, రోజూ తెల్లవారుజామున ఐదున్నర నుంచి పది గంటల దాకా కూలీల అడ్డా నడుస్తుంది. దిల్లీలో దీన్ని లేబర్ చౌక్ అంటారు, ముంబయిలో నాకా అంటారు, మన దగ్గర అడ్డా అంటాం. పని కావలసినవాడు వచ్చి నిలబడతాడు, మనిషి కావలసినవాడు బండి ఆపుతాడు. రెండు మూడు నిమిషాల్లో బేరం కుదిరితే ఆ రోజు గడుస్తుంది, కుదరకపోతే పది దాటాక సద్దిమూట విప్పకుండానే గదికి తిరిగి వెళ్లాలి.

నేను పట్టణ రూపకల్పన చదువుకున్న ఆర్కిటెక్టును. ఈ అడ్డా మీద ఇద్దరు సహచరులతో కలిసి, లాక్‌డౌన్‌కు ముందు ఏడాది మొదలుపెట్టి ఇప్పటిదాకా పనిచేస్తున్నాను. కూడలి పేరు కావాలనే రాయడం లేదు. ఏ పటంలోనూ గుర్తించని చోటును పేరు పట్టుకుని వచ్చి ఖాళీ చేయించడం సులువు, ఆ వీలు నా రాత వల్ల కలగకూడదు. ఈ పనిలో మేము చేసిన ఒక పెద్ద తప్పును, ఆ తర్వాత చేసిన చిన్న చిన్న మార్పులను, వాటి నుంచి నాకు అర్థమైన ఒకే ఒక సంగతిని వివరంగా నమోదు చేయడమే ఈ రాత ఉద్దేశం. వలస వచ్చిన మనిషికి ఈ నగరం కొంతైనా తనది అనిపించే మొదటి చోటు అద్దెగది కాదు, తన కోసం వెతికేవాళ్లకు తాను దొరికే చోటు. ఆ చోటు బాగుచేయాలనుకునేవాళ్లు ముందుగా చూడవలసింది నీడ, బల్లలు, గోడలు కావు, అక్కడ మనిషి ఎవరికి ఎలా కనబడుతున్నాడన్నది.

ఎవరు ఎక్కడ నిలబడతారు

దూరం నుంచి చూస్తే అడ్డా ఒక గుంపులాగే కనిపిస్తుంది. వరుసగా కొన్ని రోజులు అదే వేళకు వెళ్లి నిలబడితే, అది ఎంత క్రమం ఉన్న స్థలమో తెలుస్తుంది. మెట్రో స్తంభాలకు నంబర్లు ఉంటాయి కదా, 2017 నవంబరులో మియాపూర్, నాగోల్ మధ్య రైళ్లు తిరగడం మొదలయ్యాక ఈ దారి పొడవునా దుకాణాలవాళ్లూ ఆస్పత్రులవాళ్లూ ఆ నంబర్లనే చిరునామాగా చెప్పుకుంటున్నారు. కూలీలూ అంతే. ఒక స్తంభం దగ్గర తాపీమేస్త్రీలు, దాని పక్కన మట్టిపనివాళ్లు, తర్వాతి స్తంభం దగ్గర సెంట్రింగ్, రాడ్‌బెండింగ్ వాళ్లు, కూడలి మలుపులో పెయింటర్లు, టైల్స్ పనివాళ్లు. ఎవరి పనిముట్టు వారికి బోర్డు. తాపీ, రసమట్టం సంచిలోంచి పైకి కనిపించేలా పెట్టుకున్నవాడు మేస్త్రీ, రోలర్ కర్ర భుజాన ఉన్నవాడు పెయింటర్, పార మీద చెయ్యి ఆనించి నిలబడ్డవాడు మట్టిపనికి సిద్ధం. ఆడవాళ్ల దగ్గర తట్ట, అందులో మడతపెట్టిన చుట్టబట్ట ఉంటాయి.

పని ప్రకారం కనిపించే ఈ వరుస నిజానికి ఊళ్ల వరుస కూడా. మట్టిపని, తాపీపని వైపు ఎక్కువమంది పాలమూరు వాళ్లు. మక్తల్, కోస్గి, మద్దూరు, నారాయణపేట ప్రాంతాల మాట అక్కడ వినిపిస్తుంది. సెంట్రింగ్ వైపు శ్రీకాకుళం, విజయనగరం యాస. టైల్స్, పెయింటు వైపు హిందీ, భోజ్‌పురి, ఇటీవల ఒడియా. కృష్ణ, తుంగభద్ర రెండూ పారే ఉమ్మడి జిల్లా అయినా పాలమూరు పొలాలకు నీళ్లు అందక, కూలీలను గుంపుగా పనులకు తీసుకెళ్లే గుంపుమేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని దేశంలోని ఎన్నో ఆనకట్టలకూ కాలువలకూ రోడ్లకూ మట్టి మోసిన చరిత్ర అక్కడి కుటుంబాలది. ఈ అడ్డాలో ఉన్న పెద్దవాళ్లలో కొందరి తండ్రులు 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ పనులకు వెళ్లినవాళ్లు. గుంపుమేస్త్రీ చేతి కింద ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లడం, ఎంత ఇస్తే అంత తీసుకోవడం ఆ తరం అనుభవం. అడ్డా మీద నిలబడే తరానికి మాత్రం ఏ రోజు ఎవరితో వెళ్లాలో, ఎంతకు వెళ్లాలో తానే చెప్పుకునే వీలుంది. పైనుంచి చూసేవాడికి అడ్డా దయనీయంగా కనిపించవచ్చు గానీ, గుంపుమేస్త్రీ నుంచి బయటపడి వచ్చిన మనిషికి అది ఒక మెట్టు పైకి ఎక్కడం. ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అడ్డాకు రాయని నియమాలు ఉన్నాయి. అన్నిటికంటే గట్టిది రేటు. ఆ సీజనులో తాపీకి, కూలికి ఎంత అన్నది అందరికీ తెలుసు, దానికి తగ్గి వెళ్లకూడదు. ఒక ఉదయం నా కళ్లముందే ఒక కొత్త కుర్రాడు యాభై రూపాయలు తగ్గించి బండెక్కబోతే, పక్కనున్న పెద్దాయన అతని సంచి పట్టుకుని ఆపి, "తమ్మీ, నువ్వు ఒక్కదినం బతుకుతవు, మేమందరం రేపటి సంది సస్తం" అన్నాడు. కుర్రాడు దిగిపోయాడు. బండి ఆపినాయన కాసేపు చూసి, పూర్తి రేటుకే అతన్ని పిలుచుకుపోయాడు. రెండో నియమం ఎగవేతకు సంబంధించినది. కూలి డబ్బులు ఎగ్గొట్టినవాడి బండి రంగు, మనిషి ఆనవాలు రెండు మూడు రోజుల్లో అన్ని స్తంభాలకూ పాకుతాయి, ఆ తర్వాత అతను ఎన్నిసార్లు హారన్ కొట్టినా ఎవరూ కదలరు. కార్మికశాఖ దాకా వెళ్లలేని మనుషులకు అందుబాటులో ఉన్న న్యాయం ఇదే, ఇది రోజూ ఒకేచోట ఒకే మనుషులు నిలబడడం వల్లనే సాధ్యమవుతోంది.

మేము కట్టిన షెడ్డు

మమ్మల్ని పిలిచింది ఫిర్యాదుల కారణంగా. పక్క అపార్టుమెంట్ల వాళ్లు ఉదయం నడకకు దారి లేదని, పిల్లల బడిబస్సు వచ్చి ఆగే వీలుండడం లేదని, గోడల వెంట మూత్రవిసర్జన చేస్తున్నారని స్థానిక కార్యాలయానికి రాశారు. వాటిలో అబద్ధమేమీ లేదు. ఆ కార్యాలయం కొంత నిధి కేటాయించి, కూలీల కోసం ఒక నీడ కట్టించే పని మాకు అప్పగించింది. రోడ్డు నుంచి లోపలికి సుమారు నూటయాభై అడుగుల దూరంలో ఖాళీ ప్రభుత్వ స్థలం ఉంటే, అక్కడ రేకుల కప్పు, సిమెంటు బల్లలు, తాగునీటి కుళాయి, మరుగుదొడ్లతో ఒక షెడ్డు గీశాను. ఎండకు నీడ, వానకు కప్పు, కూర్చోవడానికి బల్ల ఉంటే చాలనుకున్నాను. గీసేముందు అడ్డాకు మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ పదకొండు గంటలకు, అంటే అందరూ వెళ్లిపోయాక.

షెడ్డు తెరిచిన వారంలో కొందరు వచ్చి కూర్చున్నారు. రెండో వారానికి తగ్గారు. రెండు నెలల్లో అక్కడ అపార్టుమెంట్ల కార్లు, స్కూటర్లు నిలుపుకోవడం మొదలైంది. కూలీలు ఎప్పటిలాగే రోడ్డు మీద, ఎండలో, వానలో. "ఇంత కట్టించినా వాళ్లకు అలవాటు పోదు" అని ఒక అధికారి అన్న మాటకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు.

జవాబు చెప్పింది మట్టిపని వరుసలో నిలబడే ఒక పెద్దామె. షెడ్డు దగ్గరికి ఎందుకు రావడం లేదని అడిగితే, నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి బల్ల మీద కూర్చోబెట్టి, "ఈడికెళ్లి రోడ్డు మీద బండి కనబడుతదా బిడ్డా?" అని అడిగింది. కనబడదు. మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు గద్దె, దాని ముందు ఒక టిఫిన్ బండి. "నాకు బండి కనబడకుంటే, బండికి నేను కనబడతనా? నీడల కూసుంటే కూలి దొరకది. కూసున్నదాన్ని ఎవడు పిలుస్తడు? ముసల్ది, చాతగాదు అనుకుంటరు. నిలవడ్డదాన్నే పిలుస్తరు."

నేను చదువుకున్న చదువులో బల్ల అంటే సౌకర్యం. అడ్డాలో కూర్చోవడం అంటే చేతకానితనం ఒప్పుకోవడం. నిలబడడమే అక్కడ అర్హతపత్రం. ఆమె చెప్పిన ఆ నాలుగు మాటలతో నా పటం మొత్తం చెల్లకుండా పోయింది, తర్వాత ఒక్కొక్కటీ బయటపడ్డ మిగతా కారణాలు కూడా అదే దిక్కుకు చూపించాయి. ఒకే కప్పు కింద అందరినీ చేర్చడంతో ఎవరు తాపీ, ఎవరు పెయింటు అన్న వరుస చెదిరిపోయింది, వచ్చినవాడికి తనకు కావలసిన మనిషి ఎవరో తెలియలేదు. మూడువైపులా గోడ ఉన్న చోట మగవాళ్ల మధ్య కూర్చోవడానికి ఆడవాళ్లు ఇష్టపడలేదు. తాళం తీసే కాపలాదారు ఏడు గంటలకు వచ్చేవాడు, అప్పటికి మంచి బేరాలు సగం అయిపోయేవి. పైగా టీ బండి రోడ్డు మీదే ఉంది. టీ బండి ఎక్కడ ఉంటే అడ్డా అక్కడ ఉంటుంది, ఈ చిన్న సంగతి అక్కడ అందరికీ తెలుసు, మాకే తెలియదు.

ఖాతా పుస్తకం

ఆ టీ బండి నడిపేది ఒక దంపతుల జంట. వాళ్లూ నారాయణపేట వైపు నుంచి కూలికి వచ్చి, ఆయనకు నడుముకు దెబ్బ తగిలాక బండి పెట్టుకున్నవాళ్లు. అక్కడ టీ మాత్రమే దొరకదు. ఫోన్లు చార్జింగ్ పెడతారు. పార, గడ్డపార రాత్రి వదిలి వెళ్లవచ్చు. ఊరి నుంచి ఎవరైనా మనిషి కోసం వస్తే అక్కడే అడుగుతారు. పని దొరకని రోజుల్లో టీ, బన్ను అప్పు రాస్తారు.

ఆ అప్పుల పుస్తకం నేను మొదటిసారి చూసింది 2020 ఏప్రిల్‌లో. మార్చి 25 నుంచి దేశమంతా మూతపడింది. అడ్డా ఖాళీ అయింది గానీ మనుషులు ఎక్కడికీ పోలేదు, రేకుల గదుల్లో, కట్టుబడి ఆగిన భవనాల్లో ఉండిపోయారు. బియ్యం, పప్పు ఇవ్వడానికి దాతలు ముందుకు వచ్చారు, ఎవరికి ఇవ్వాలో చెప్పే జాబితా మాత్రం ఎవరి దగ్గరా లేదు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది, కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు వసూలు చేసి సంక్షేమ మండలి ద్వారా వాళ్లకే ఖర్చుపెట్టాలని ఏర్పాటు ఉంది. అందులో నమోదు కావాలంటే 18 నుంచి 60 ఏళ్ల వయసు ఉండి, గడచిన ఏడాదిలో 90 రోజులు నిర్మాణపని చేసినట్టు చూపాలి. రోజుకొక యజమాని దగ్గర పనిచేసే మనిషి ఆ 90 రోజులకు ఎవరి సంతకం తేవాలి? అడ్డాలో అత్యధికుల పేర్లు ఆ జాబితాలో లేవు.

ఉన్నవి టీ బండి ఖాతా పుస్తకంలోనే. పసుపు అట్ట, పొడవాటి పుస్తకం, అంచులు టీ మరకలతో బిరుసెక్కి ఉన్నాయి. అందులో ఇంటిపేర్లు లేవు. "మక్తల్ తాపీ", "కోస్గి పొట్టాయన", "పలాస రాడ్డు", "మద్దూరు అవ్వ, కోడలు" అని ఊరు, పని, వరుసలతో రాసి, ఎదురుగా ఫోన్ నంబరు, బాకీ. ఆ పుస్తకం ముందుపెట్టుకుని దంపతులిద్దరూ మాతో పాటు మూడు రోజులు ఫోన్లు చేశారు. ఒక గదికి ఫోన్ కలిస్తే పక్క మూడు గదుల సంగతి తెలిసేది. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు దేశంలోనే మొదటి శ్రామిక రైలు బయలుదేరిందన్న కబురు కూడా, టైల్స్ పని కుర్రాళ్లకు చాలామందికి టీ బండాయన ఫోన్ ద్వారానే చేరింది.

లాక్‌డౌన్ ముగిశాక మేము అడ్డాను చూసే చూపు మారింది. ప్రభుత్వానికి కనబడని మనుషులను పేరుపెట్టి గుర్తుపెట్టుకున్న వ్యవస్థ ఒకటి అప్పటికే అక్కడ ఉంది. మేము కట్టిన షెడ్డు దాన్ని పట్టించుకోకుండా పక్కన మరొకటి నిలబెట్టబోయింది. రెండోసారి మొదలుపెట్టినప్పుడు కొత్తది కట్టకూడదని, ఉన్నదాన్ని కదపకుండా దానికి ఆసరా ఇవ్వాలని నిర్ణయించుకున్నాం.

రెండోసారి

బళ్లు మళ్లీ తెరిచాక ఒక వానాకాలమంతా ఐదున్నరకే వెళ్లి నిలబడ్డాం, ఏ బండి ఎక్కడ ఆగుతోందో రాసుకున్నాం. రద్దీకి కారణం నిలబడ్డ కూలీలు కారని అప్పుడు తేలింది. మనుషుల కోసం వచ్చే ఆటోట్రాలీలు, కార్లు, బైకులు నడుస్తున్న వరుసలోనే హఠాత్తుగా ఆగడం వల్ల వెనక బడిబస్సులు నిలిచిపోతున్నాయి. కాబట్టి సర్వీసు రోడ్డు అంచున ఒక డజను బండ్లు ఆగేంత పొడవున గీత గీయించి, ఉదయం పది దాకా అక్కడ పార్కింగ్ లేకుండా చూడమని ట్రాఫిక్ సిబ్బందిని కోరాం. కొన్ని నెలలు తిరగవలసి వచ్చింది, ఒప్పుకున్నారు. ఈ మొత్తం పనిలో అతి తక్కువ ఖర్చు ఈ రంగు గీతదే, బడిబస్సుల ఫిర్యాదు ఆగింది కూడా దీనివల్లనే.

రెండోది అరుగు. కూర్చోకూడదు, కానీ నాలుగు గంటలు నిలబడాలి. దీనికి పరిష్కారం మా కార్యాలయంలో ఎవరికీ తోచలేదు, ఒక తాపీమేస్త్రీ చెప్పాడు. "నడుం ఎత్తు గోడ కట్టుండ్రి మేడం, ఆనుకుంటం. ఆనుకున్నోడు నిలవడ్డట్టే లెక్క." కాలిబాట వెనక అంచున, ప్రహరీ గోడకు ముందు, నడుము ఎత్తున ఒక సన్నటి అరుగు కట్టాం. కట్టింది వాళ్లే, పూర్తి రేటుకు, ఐదుగురు మేస్త్రీలు, వాళ్ల వెంట కూలీలు. పైభాగాన్ని కొంచెం ముందుకు వాలుగా ఉంచమన్నది కూడా ఆ మేస్త్రీనే, అలా అయితే ఎవరూ దాని మీద పడుకోలేరు, అపార్టుమెంట్లవాళ్లకు ఆ భయం ఉండదు అని. నాకు ఈ ఆలోచన వెనక ఉన్న మర్యాద చాలా విలువైనదిగా తోచింది. తమ మీద ఫిర్యాదు చేసినవాళ్ల భయాన్ని కూడా లెక్కలోకి తీసుకుని గోడ కట్టినవాళ్లు వాళ్లు. అరుగు మూలన తడి సిమెంటులో తాపీ మొనతో ఎవరో ఒక చిన్న చేప బొమ్మ గీశారు. ఎవరన్నది ఎంత అడిగినా చెప్పలేదు.

అరుగును స్తంభాల వరుసకు తగ్గట్టు ముక్కలు ముక్కలుగా, మధ్యలో దారి వదిలి కట్టాం. దానివల్ల పని వరుస చెదరలేదు, నడకకు వచ్చేవాళ్లకూ దారి దొరికింది.

షెడ్డును వదిలేయలేదు. దానిలో మరుగుదొడ్లు మాత్రం పనికొస్తాయని తేలింది, అయితే అందుకు వేళ మారాలి. ఉదయం ఐదింటికి తెరవాలన్న ఒక్క నిబంధన కోసం జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు, షెడ్డు కట్టడానికి జరిగిన వాటికంటే ఎక్కువ. ఇక్కడ ఆడవాళ్ల గురించి కొంత ఆగి చెప్పాలి. తెల్లవారక ముందే ఇల్లు వదిలి, సాయంత్రం కట్టుబడి స్థలం నుంచి తిరిగివచ్చేదాకా మరుగుదొడ్డి లేని ఆడకూలీలు, నీళ్లు తాగడం మానేసి పనిచేస్తారు. ఎండాకాలంలో తట్ట మోస్తూ నీళ్లు తాగకపోవడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ఒకామె నాతో, "నీళ్ల కుళాయి పెట్టిచ్చినవు మంచిదే, తాగితే యాడికి పోవాలె?" అన్నది. నీటి వసతి, మరుగుదొడ్డి వేర్వేరు పద్దుల కింద, వేర్వేరు అధికారుల చేతిలో ఉంటాయి. ఆ శరీరానికి అవి ఒకే సంగతి. ఇప్పుడు మరుగుదొడ్డి చూసుకునేది అడ్డా మీదికి వచ్చే వయసు దాటిపోయిన ఒకామె, ఐదింటికి తానే తాళం తీస్తుంది. పక్కనే పసిపిల్లకు పాలివ్వడానికి ఒక తెర కట్టుకున్నారు, అది మా పటంలో లేదు.

ఆడవాళ్లు నిలబడే చోటు కూడా మారింది. మొదట మలుపులో, చీకటి పడే చోట నిలబడేవాళ్లు. అక్కడ బండి ఆపినవాళ్లు పని కోసమే ఆపారా అన్నది తెలియక భయపడ్డ రోజులు ఉన్నాయని నెమ్మదిగా, నెలల తర్వాత చెప్పారు. ఇప్పుడు టీ బండికి ఆనుకుని, దీపం కింద నిలబడతారు. ఏ బండి ఎక్కినా టీ బండామె ఆ బండి నంబరు చూసి పుస్తకంలో రాస్తుంది. ఈ ఏర్పాటు ఎవరూ సలహా ఇచ్చింది కాదు, దీపం వెలిగే చోటు మేము మార్చిన వారానికి వాళ్లే చేసుకున్నారు.

టీ బండికి చట్టబద్ధమైన గుర్తింపు తేవడం మిగతా అన్నిటికీ పునాది అని మేము గట్టిగా అనుకున్నాం. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీల్లో 40 శాతానికి తక్కువ కాకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వారిలో మూడోవంతు మహిళలు ఉండాలి, సర్వే పూర్తయి విక్రయ పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. ఈ సంగతి తెలిశాక టీ బండామె నమోదు చేయించుకుని గుర్తింపు కార్డు తెచ్చుకుంది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి స్టవ్వుకు దూరంగా, దేవుడి పటం పక్కన వేలాడదీసింది.

తర్వాత వచ్చినవాళ్లు

అడ్డా ఎవరిది అన్న ప్రశ్న పాతవాళ్లకు, కొత్తవాళ్లకు మధ్య వస్తుందని మేము ముందుగా ఊహించలేదు. బీహార్, ఒడిశా కుర్రాళ్లు ఎక్కువవుతున్న కొద్దీ, రేటు పడిపోతోందని పాలమూరు మేస్త్రీలలో కోపం పెరిగింది. ఒక ఉదయం తోపులాట దాకా వెళ్లింది. కొత్తవాళ్లు ద్రోహం చేశారని పాతవాళ్లు, మాకు రేటు ఎవరూ చెప్పలేదని కొత్తవాళ్లు. రెండో మాట నిజం. రేటు అడ్డా అంతటికీ తెలుసు గానీ తెలుగులోనే తెలుసు.

దానికి టీ బండాయన చేసిన పని సులువైనది. పలక ఒకటి తెచ్చి ఆ వారం రేట్లు అంకెల్లో రాసి, పక్కన తాపీ, తట్ట, బ్రష్ బొమ్మలు గీసి వేలాడదీశాడు. అంకెకు భాష అక్కర్లేదు. మేము ఆ పక్కనే తెలుగు, హిందీ, ఒడియాల్లో ఒక బోర్డు పెట్టించాం. కార్మిక సంక్షేమ మండలిలో నమోదు ఎలా, కూలి ఎగ్గొడితే ఎవరిని కలవాలి, రేషన్ ఎక్కడ తీసుకోవచ్చు అన్న మూడు సంగతులే అందులో. శ్రీకాకుళం వాళ్లకు మూడోది ఎక్కువగా ఉపయోగపడింది. ఆంధ్రప్రదేశ్ కార్డుతో తెలంగాణలో బియ్యం తీసుకునే ఏర్పాటు 2019 ఆగస్టులోనే ప్రయోగాత్మకంగా మొదలైనా, చాలామంది ఆ సంగతి తెలియక కార్డు ఊళ్లో వదిలి వచ్చారు. "ఇన్నాళ్లూ బియ్యం కొనుక్కు తిన్నాం తల్లీ, ఎవులు చెప్పారు మాకు?" అని ఒక రాడ్‌బెండర్ బాధపడ్డాడు.

కోపం పూర్తిగా పోలేదు, పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. అయినా కొన్ని మార్పులు కనిపిస్తున్నాయి. దీపావళి తర్వాత కురుమూర్తి జాతరకు పాలమూరు వాళ్లు ఊళ్లకు వెళ్లినప్పుడు, సంక్రాంతికి శ్రీకాకుళం బస్సులు ఎక్కినప్పుడు, ఛఠ్ పూజకు బీహార్ వాళ్లు రానప్పుడు, ఖాళీ అయిన వరుసలో మిగతావాళ్లు నిలబడతారు, తిరిగి వచ్చాక చోటు వదులుతారు. పని దొరకని ఆదివారం సాయంత్రాల్లో అరుగు దగ్గర వీడియో కాల్స్ మాట్లాడుకుంటూ, జుట్టు కత్తిరించుకుంటూ, ఊళ్లకు పంపే సంచులు కట్టుకుంటూ అన్ని భాషలవాళ్లూ కనిపిస్తారు. హాంకాంగ్‌లో ఇళ్లలో పనిచేసే ఫిలిప్పీన్స్ మహిళలు ఆదివారం చేటర్ రోడ్డు మీద, ఒక పెద్ద బ్యాంకు భవనం కింది ఖాళీ స్థలంలో అట్టముక్కలు పరచుకుని రోజంతా గడపడం ఎన్నో ఏళ్లుగా సాగుతోంది, ఆ ఒక్కరోజు ఆ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లను అడిగినా, సెలవు దొరికిన శుక్రవారం తమవాళ్లు కనిపించే వీధి గురించే ముందు చెబుతారు. వారమంతా మరొకరి గడపలో ఉండేవాళ్లకు బయటి వీధే ముంగిలి. హాంకాంగ్ ఏర్పాటులో నాకు నచ్చింది, అక్కడ వేరే భవనం కట్టకుండా వేళను కేటాయించడం. మా అడ్డాలోనూ పనిచేసింది వేళే, ఐదింటికి తెరిచే తలుపు, పది దాకా ఖాళీగా ఉంచే రోడ్డు అంచు.

ప్రస్తుత స్థితి

అరుగు రెండుచోట్ల పగిలితే వాళ్లే అతుకు వేశారు. మరుగుదొడ్డి నిర్వహణ ఒప్పందం ఏడాదికొకసారి కొత్తగా చేయించుకోవాలి, ప్రతిసారీ నెలా రెండు నెలలు మూతపడుతోంది. సంక్షేమ మండలిలో నమోదు మేము అనుకున్నంత సాగలేదు, 90 రోజుల నిబంధన దగ్గరే ఆగుతోంది. అపార్టుమెంట్ల సంఘంలో ఇద్దరు ముగ్గురు ఇప్పుడు ఇంటి మరమ్మతులకు అడ్డా నుంచే మనుషులను పిలుచుకుంటున్నారు, సంఘం మాత్రం అడ్డా తరలించాలనే తీర్మానాన్ని వెనక్కు తీసుకోలేదు.

గత నెలలో సర్వేవాళ్లు వచ్చి కాలిబాట మీద ఎర్రరంగుతో గీతలు గీసి వెళ్లారు. రోడ్డు వెడల్పు చేసే ప్రతిపాదన ఉందట. గీత అరుగును దాటి, టీ బండి చక్రాల కిందుగా పోతోంది. మరుసటి ఉదయం నేను వెళ్లేసరికి, నన్ను షెడ్డులో కూర్చోబెట్టిన పెద్దామె ఆ గీత పక్కన తట్ట బోర్లించి నిలబడి ఉంది. "ఇది యాడి దాంక ఒస్తది బిడ్డా?" అని అడిగింది. నాకు తెలిసింది చెప్పాను. అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఉందని, అడ్డా ఇక్కడ ఎన్నేళ్లుగా నడుస్తోందో రుజువు చూపాలని చెప్పాను.

టీ బండామె లోపలి నుంచి పాత పుస్తకాలు ఏడు తీసింది. అన్నీ పసుపు అట్టలే. ఫోన్ నంబర్లు, బాకీలు కనబడకుండా కాగితం కప్పి, తేదీలు, ఊళ్లు, పనులు మాత్రం కనిపించేలా వాటి నకళ్లు తీయిస్తున్నాం. మద్దూరు అవ్వ పేరు మొదటి పుస్తకం రెండో పేజీలో ఉంది. అది తన పేరేనని ఆమెకు చదివి వినిపిస్తే, బాకీ ఎంత ఉందో చూడమంది. తీరిపోయిందని టీ బండామె చెప్పింది.